ఆటల్లోనే సైన్స్: ఇంట్లో ఉన్న వస్తువులతోనే పిల్లలకు తొలి పాఠాలు

మూడు నాలుగేళ్ళ పిల్లలున్న ఇంట్లో పొద్దున లేచింది మొదలు ప్రశ్నలే. రొట్టె ఎందుకు పొంగుతుంది? చందమామ మన ఆటో వెంటే ఎందుకు వస్తున్నాడు? చీమలు వరుసగా ఎందుకు నడుస్తాయి? ఇంట్లో మాట్లాడేది తెలుగైనా ఉర్దూ అయినా, ‘ఎందుకు’, ‘కైకు’ అనే మాటలు రోజంతా వినిపిస్తూనే ఉంటాయి. అదే పిల్లలు హైస్కూలుకు వచ్చేసరికి చాలామందిలో ఈ ప్రశ్నలు ఆగిపోతాయి. సైన్స్ అంటే నోట్సు, బట్టీ, పరీక్ష అనే అభిప్రాయం స్థిరపడుతుంది. ‘లెక్కలు, సైన్స్ నావల్ల కాదు’ అని పదేళ్ళకే తీర్మానించుకునే పిల్లలు తక్కువేమీ కాదు. ముందుముందు వాళ్ళు ఏ కోర్సు తీసుకోవాలి, ఏ ఉద్యోగం వైపు వెళ్ళాలి అనేది కూడా ఈ భయమే నిర్ణయిస్తుంది.

ఈ భయం పోగొట్టడానికి ట్యూషన్ల కన్నా ముందు పనికొచ్చేది ఇల్లు. ‘నేనే పదో తరగతి వరకు చదివాను, నేనేం నేర్పగలను’ అని చాలామంది తల్లులు వెనకడుగు వేస్తారు. కానీ ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు కావలసింది సూత్రాలు, సమీకరణాలు కావు. వాళ్ళతో కలిసి ఒక వస్తువును శ్రద్ధగా చూసే మనిషి కావాలి. పిండి కలిపే అమ్మీ, మొక్కలకు నీళ్ళు పోసే దాదీ, సైకిల్ చైను బిగించే అబ్బా ఎవరైనా ఆ పని చేయగలరు.

ఈ వయసులో సైన్స్ అంటే ఏమిటి?

చూడటం, ముట్టుకోవడం, ఏమవుతుందో ఊహించడం, చేసి చూడటం, చూసింది చెప్పడం. చిన్నపిల్లల సైన్స్ ఇంతే. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ళ వయసును పునాది దశగా గుర్తించి, ఈ దశలో చదువు ఆటల ద్వారానే సాగాలని చెప్పింది. ఇందుకోసమే కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో ‘జాదుయీ పిటారా’ పేరుతో బొమ్మలు, పజిళ్ళు, కథల కార్డులు ఉన్న ఆటల పెట్టెను విడుదల చేసింది.

కళ్ళారా చూస్తే పాఠం ఎలా నిలిచిపోతుందో చెప్పడానికి ఏపీజే అబ్దుల్ కలామ్ తన చిన్ననాటి సంగతి ఒకటి తరచూ చెప్పేవారు. రామేశ్వరంలో ఆయన ఐదో తరగతిలో ఉన్నప్పుడు శివసుబ్రహ్మణ్య అయ్యర్ అనే మాస్టారు బోర్డు మీద పక్షి బొమ్మ గీసి, అది ఎలా ఎగురుతుందో వివరించారు. అర్థం కాలేదని పిల్లలు చెప్పడంతో మాస్టారు కోప్పడలేదు. అందరినీ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి, ఎగిరే పక్షుల రెక్కలను, తోకలను చూపించారు. ఆ రోజు చూసిందే తనను విమానాలు, రాకెట్ల వైపు నడిపించిందని కలామ్ చెప్పుకున్నారు.

మూడు మాటల పద్ధతి

ఏ ఆట ఆడించినా మూడు మాటలు గుర్తు పెట్టుకుంటే చాలు.

మొదటిది, ‘ఏమవుతుందనుకుంటున్నావు?’ చేయడానికి ముందే ఇది అడగాలి. పిల్లలు తప్పు చెప్పినా సరిదిద్దకూడదు. ‘సరే, చూద్దాం’ అంటే చాలు.

రెండోది, ‘చేసి చూద్దామా?’ చేయి పిల్లలదే కావాలి. నీళ్ళు కాస్త ఒలికినా, పిండి కింద పడినా సర్దుకోవాలి. పెద్దవాళ్ళు చకచకా చేసి చూపిస్తే అది గారడీ అవుతుంది గాని ప్రయోగం కాదు.

మూడోది, ‘ఏం చూశావో చెప్పు.’ చెప్పేటప్పుడే పిల్లల ఆలోచన ఒక వరుసలోకి వస్తుంది. మాటలు రాకపోతే బొమ్మ గీయమనవచ్చు. కారణం చివర్లో, రెండు వాక్యాల్లో చెబితే సరిపోతుంది.

వంటగదిలో

పసుపు కాగితం: అర గ్లాసు నీళ్ళలో చెంచాడు పసుపు కలిపి, తెల్ల కాగితం ముక్కలు ముంచి ఆరబెట్టాలి. ఆరిన పసుపు కాగితం మీద దూదితో సబ్బు నీళ్ళు అద్దితే ఆ చోటు ఎర్రబడుతుంది. దానిపైనే నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, ఆమ్లం తగిలితే తిరిగి పసుపవుతుంది. చొక్కా మీద సాలన్ మరకకు సబ్బు రుద్దగానే ఎర్రగా మారడం ప్రతి ఇంట్లో చూసేదే. అది ఎందుకో ఈ ఆటతో తెలుస్తుంది. పెద్ద కాగితం ఇస్తే పిల్లలు సబ్బు నీళ్ళతో బొమ్మలే వేస్తారు.

పొంగే పుల్కా: ఒకే పిండితో రెండు పుల్కాలు ఒత్తి, ఒకదానికి ఫోర్కుతో చిల్లులు పెట్టాలి. ఏది పొంగుతుందో పిల్లలు ముందే చెప్పాలి. కాల్చే పని పెద్దవాళ్ళది, పిల్లలు దూరంగా నిలబడి చూడాలి. పిండిలోని నీరు వేడికి ఆవిరై, ఎక్కువ చోటు కావాలంటూ పుల్కాను రెండు పొరలుగా విడదీస్తుంది. చిల్లులున్న దాంట్లోంచి ఆవిరి బయటికి పోతుంది కనుక అది చప్పగానే ఉండిపోతుంది.

ఉబ్బే కిస్‌మిస్: షీర్ ఖుర్మా కోసం కిస్‌మిస్, ఎండు ఖర్జూరం నానబెట్టే రోజు ఈ ఆటకు మంచి సమయం. ఒక గిన్నెలో మంచినీళ్ళు, ఇంకో గిన్నెలో చిక్కటి పంచదార పాకం చల్లార్చి పెట్టి, రెండింట్లో పదేసి కిస్‌మిస్‌లు వేయాలి. కొన్ని గంటలకు నీళ్ళలోవి గుండ్రంగా ఉబ్బుతాయి, పాకంలోవి అంతగా ఉబ్బవు. నీరు తీపి తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపు పండు తోలు గుండా వెళ్ళడమే దీనికి కారణం. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇంతవరకు చెప్పవచ్చు. చిన్నవాళ్ళకు ‘నీళ్ళు తాగేసింది’ అన్నా తప్పులేదు.

బుడగ ఊదే సీసా: చిన్న సీసాలో నాలుగు చెంచాల వెనిగర్ పోసి, బెలూనులో చెంచాడు వంటసోడా వేసి, మూతికి తొడిగి బెలూను పైకెత్తాలి. సోడా కిందికి పడగానే బుసబుసమని నురగ వచ్చి బెలూను ఉబ్బుతుంది. అందులో పుట్టింది కార్బన్ డయాక్సైడ్ అనే వాయువు. కేకులో చిన్న చిన్న గుల్లలు ఎలా వస్తాయో ఇక్కడే చెప్పవచ్చు.

నీళ్ళ బకెట్ దగ్గర

ఒక బకెట్, పది వస్తువులు చాలు. చెంచా, ఆకు, రాయి, కొవ్వొత్తి, ఖాళీ సీసా, నీళ్ళు నింపిన సీసా, కమలా పండు ఇలా ఏవైనా తీసుకోవచ్చు. ‘ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది’ అని ముందే రెండు కుప్పలు పెట్టించాలి. బరువైనవి మునుగుతాయని పిల్లలు అనుకుంటారు. కమలా పండు వాళ్ళ అంచనాను తలకిందులు చేస్తుంది. తొక్కతో వేస్తే తేలుతుంది. తొక్క తీసేస్తే బరువు తగ్గినా మునిగిపోతుంది. తొక్కలోని సన్నటి గాలి గదులే దాన్ని తేల్చుతున్నాయి.

తర్వాత ఆడుకునే బంకమట్టిని ఉండగా చేసి వేస్తే మునుగుతుంది, అదే మట్టిని దొన్నెలా ఒత్తి వదిలితే తేలుతుంది. ఇనుప ఓడ సముద్రం మీద ఎలా తేలుతుందన్న ప్రశ్నకు జవాబు ఆ దొన్నెలోనే ఉంది. వెడల్పుగా ఉన్న దొన్నె ఎక్కువ నీటిని పక్కకు నెడుతుంది. పక్కకు జరిగిన నీరు దాన్ని పైకి తోస్తుంది.

గుడ్డును మంచినీళ్ళ గ్లాసులో వేస్తే అడుక్కి వెళ్తుంది. ఉప్పు ఒక్కో చెంచా కలుపుతూ పోతే ఒక దశలో గుడ్డు మెల్లగా పైకి లేస్తుంది. ఎన్ని చెంచాలకు లేచిందో పిల్లలే లెక్కపెట్టాలి. ఇక గ్లాసు అడుగున కాగితం ఉండ గట్టిగా కూరి, గ్లాసును బోర్లించి నిటారుగా నీళ్ళలోకి దించితే కాగితం తడవదు. గ్లాసులో ఖాళీగా కనిపించే చోట గాలి ఉందని చూపడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదు.

మిద్దె మీద, ఎండలో

ఒకే చోట పిల్లవాణ్ణి నిలబెట్టి, పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండున్నరకు, సాయంత్రం నాలుగున్నరకు సుద్దముక్కతో నీడ గీయాలి. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ మధ్యాహ్నానికి కురచై, సాయంత్రానికి అవతలి వైపు మళ్ళీ సాగుతుంది. గడియారాలు లేని రోజుల్లో జుహర్, అసర్ నమాజు వేళలను నీడ చూసే లెక్కించేవారని దాదా, దాదీలు చెబితే పిల్లలు ఆసక్తిగా వింటారు. హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ కాసేపు నిటారుగా నిలబెట్టిన కర్రకు పక్కన నీడ కనిపించదు. మిగతా ఊళ్ళలో ఈ తేదీలు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

బట్టలు ఆరేసేటప్పుడు ఒకే రకం చేతిరుమాళ్ళు రెండు తడిపి, ఒకటి పరిచి, ఒకటి ముద్దగా వదిలేయాలి. ఏది ముందు ఆరిందో పిల్లలే చెబుతారు. వేసవిలో మట్టి కుండ నీళ్ళు చల్లగా ఎందుకుంటాయో కూడా అప్పుడే చెప్పవచ్చు. కుండ గోడల్లోంచి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని వెంట తీసుకుపోతుంది.

గదిని చీకటి చేసి, కిటికీలో చిన్న రంధ్రం మాత్రం వదిలితే, ఎదుటి గోడ మీద వీధి తలకిందులుగా కనిపిస్తుంది. బయట ఎండ బాగా ఉండాలి. దాదాపు 965లో బస్రాలో పుట్టి, కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ ఇలాంటి చీకటి గదుల్లోనే వెలుగును పరిశీలించి, అది తిన్నగా ప్రయాణిస్తుందని చూపారు. ‘కితాబుల్ మనాజిర్’ అనే ఆయన గ్రంథం వెలుగు, చూపు గురించి తర్వాతి శతాబ్దాల శాస్త్రవేత్తలకు దారి చూపింది. పెద్దలు చెప్పారని ఒప్పుకోకుండా చేసి చూసి తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతినే నేటి పిల్లలు ఇంట్లో ఆటగా ఆడుతున్నారు.

చందమామ డైరీ

ముస్లిం పిల్లలకు నెలవంక కొత్త కాదు. రంజాన్‌కు, ఈద్‌కు మిద్దె ఎక్కి చూసే అలవాటు ప్రతి ఇంట్లో ఉంది. ఆ అలవాటును నెల రోజులకు పొడిగిస్తే చక్కటి ఖగోళ పాఠం అవుతుంది. ఒక కాగితం మీద 30 గళ్ళు గీసి, చందమామ కనిపించిన రోజు ఆకారం గీయించాలి. మొదటి నెలవంక సూర్యాస్తమయం అయ్యాక పడమట కాసేపు కనిపించి దిగిపోతుంది. ఆ తర్వాత రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తుంది. నిండు చందమామ సూర్యుడు దిగే వేళకే తూర్పున లేస్తాడు. నెలవంక నుంచి నెలవంకకు సగటున 29 రోజుల 12 గంటలకు పైగా పడుతుంది. అందుకే చాంద్రమాన నెల ఒకసారి 29, ఒకసారి 30 రోజులు వస్తుంది.

ఆకారం ఎందుకు మారుతుందో చూపడానికి చీకటి గదిలో ఒక టార్చి, పుల్లకు గుచ్చిన తెల్ల బంతి చాలు. టార్చి సూర్యుడు, బంతి చంద్రుడు, చూసే పిల్లవాడి తల భూమి. బంతిని తలకు కాస్త పైగా పట్టుకుని చుట్టూ తిరిగితే నెలవంక, సగం చంద్రుడు, నిండు చంద్రుడు వరుసగా కనిపిస్తారు. చందమామ వెంట రావడానికి కారణం మాత్రం ఆటోలోనే చూపాలి. పక్కనున్న కరెంటు స్తంభాలు వేగంగా వెనక్కి పోతాయి, దూరపు గుట్ట మెల్లగా కదులుతుంది. అంతకన్నా ఎంతో దూరాన ఉన్న చంద్రుడు కదలనట్టే ఉంటాడు కనుక వెంట వస్తున్నట్టు అనిపిస్తుంది.

మొక్కలు, చీమలు

గాజు గ్లాసు లోపల తడి దూది పరిచి, దూదికీ గాజుకీ మధ్య నానిన పెసలు, శనగలు ఉంచితే రెండు మూడు రోజుల్లో వేరు బయటికి వస్తుంది. గ్లాసును పక్కకు పడుకోబెడితే వేరు మళ్ళీ కిందికే వంగుతుంది. ఒక గ్లాసు కిటికీ దగ్గర, ఇంకోటి అల్మారాలో వారం పాటు ఉంచాలి. చీకట్లోది పొడవుగా, పాలిపోయి సాగుతుంది. వెలుతురులోది పొట్టిగా, పచ్చగా నిలబడుతుంది. పొడవైనదే ఆరోగ్యంగా ఉందని పిల్లలు మొదట వాదిస్తారు. వాదించనివ్వాలి. ఇంకో వారానికి అది వాలిపోవడం వాళ్ళే చూస్తారు.

చీమల బారు కనిపిస్తే తరిమేసే ముందు ఐదు నిమిషాలు ఆగవచ్చు. దారికి అడ్డంగా తడి గుడ్డతో తుడిస్తే చీమలు అక్కడికొచ్చి తడబడతాయి. అవి నేల మీద వదిలే వాసన గుర్తులను పట్టుకునే నడుస్తాయి. గుడ్డ ఆ గుర్తును చెరిపేసింది.

పారేసే వస్తువులతో బొమ్మలు

ఖరీదైన సైన్స్ కిట్లు కొనలేమని బాధపడనక్కరలేదు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, స్ట్రాలు, పాత సీసాలతో బొమ్మలు చేసి సైన్స్ చెప్పడానికే జీవితాన్ని కేటాయించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బొమ్మలు చేసే విధానాలు, పుస్తకాలు ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు.

తేలికైనది స్ట్రా పీపీ. స్ట్రా ఒక కొసను పళ్ళతో నొక్కి చదును చేసి, రెండు పక్కలా కత్తిరించి కొసను మొనలా చేయాలి. ఆ కొసను పెదాల మధ్య పెట్టి ఊదితే పీపీ మోగుతుంది. మోగుతుండగానే అవతలి కొసను కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరిస్తే శబ్దం సన్నబడుతూ పోతుంది. గొట్టం పొట్టిదైతే స్వరం హెచ్చుతుందని చెవే చెబుతుంది. రెండు కాగితపు కప్పుల మధ్య దారం బిగువుగా కట్టి మాట్లాడుకునే టెలిఫోను పాత ఆటే అయినా, దారం వదులైతే మాట ఎందుకు వినిపించదో అడిగితే అది కొత్త పాఠం.

జవాబు తెలియనప్పుడు

పిల్లలు అడిగేవాటిలో సగానికి పెద్దవాళ్ళ దగ్గర జవాబు ఉండదు. అప్పుడు ‘ఊరుకో’ అనడం, నోటికొచ్చింది చెప్పడం, ‘బూచోడు వస్తాడు’ అని భయపెట్టడం మూడూ నష్టమే. ‘నాకూ తెలియదు, ఇద్దరం కనుక్కుందాం’ అనడంలో చిన్నతనం లేదు. సముద్రం నీలంగా ఎందుకుంటుందన్నది చిన్నపిల్లల ప్రశ్నే. 1921లో ఓడ ప్రయాణంలో సీవీ రామన్ అదే ప్రశ్న పట్టుకున్నారు. ఆకాశం రంగు నీటిలో ప్రతిఫలించడమే కారణమన్న అప్పటి వివరణతో ఆయన తృప్తి పడలేదు. ఆ వెతుకులాటే 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్‌కు, 1930లో నోబెల్ బహుమతికి దారితీసింది. ఆ తేదీనే దేశంలో జాతీయ సైన్స్ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

ఏ భాషలో చెప్పాలి?

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లిష్ వాడే పిల్లలు ఈ సమాజంలో చాలామంది ఉన్నారు. విషయం మొదట పిల్లలు కలలు కనే భాషలో అర్థం కావాలి. మిగతా రెండు భాషల పేర్లు తర్వాత జోడించవచ్చు. ఆవిరి, భాప్, స్టీమ్ మూడూ ఒకటేనని పుల్కా దగ్గర తెలిసిన పిల్లకు బడిలో ఆ ఇంగ్లిష్ మాట చూసి బెదిరే పని ఉండదు.

ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా కూడా ఇక్కడ వద్దు. టార్చిలో బ్యాటరీలు మార్చడం, స్క్రూ బిగించడం అమ్మాయితో చేయించాలి. పిండి కలపడం, పసుపు కాగితం ఆరేయడం అబ్బాయితో చేయించాలి. ‘ఇది నీ పని కాదు’ అని చిన్నప్పుడు విన్న మాటే పెద్దయ్యాక ‘ఈ సబ్జెక్టు నాది కాదు’గా మారుతుంది.

వయసును బట్టి

3–4 ఏళ్ళు: నీళ్ళు, ఇసుక, పిండి, తేలడం–మునగడం, నీడతో ఆట. కారణాలు చెప్పకపోయినా ఫరవాలేదు. పది నిమిషాలు మించనక్కరలేదు.

5–6 ఏళ్ళు: పసుపు కాగితం, మొలకలు, స్ట్రా పీపీ, చందమామ డైరీ. ముందు ఊహ, తర్వాత ప్రయోగం అనే వరుస అలవాటు చేయాలి.

7–8 ఏళ్ళు: చెంచాలు లెక్కపెట్టడం, నీడను స్కేలుతో కొలవడం, రెండింటిని పోల్చడం. మార్చేది ఒక్కటే ఉండాలని నేర్పాలి. మొలకల గ్లాసులు రెండింటికీ నీళ్ళు సమానంగా పోసి, వెలుతురు మాత్రమే మార్చడం లాంటిది.

జాగ్రత్తలు

పొయ్యి, వేడినీళ్ళు, కత్తెర ఉన్న ఆటల్లో పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి. చిన్నపిల్లలను నీళ్ళ బకెట్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. శనగలు, పల్లీలు, పగిలిన బెలూను ముక్కలు గొంతులో అడ్డుపడతాయి కనుక చిన్నపిల్లలకు అందనివ్వొద్దు. గుండీలాంటి బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు మింగితే ప్రాణాపాయం. మింగారని అనుమానం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పసుపు కాగితం ఆటకు సున్నం వాడొద్దు, సబ్బు నీళ్ళే వాడాలి. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. ఇంటి కరెంటుతో ఏ ఆటా వద్దు.

ఎలా మొదలుపెట్టాలి?

వారానికి ఒక్క ఆట చాలు. సెలవు రోజు అరగంట కేటాయిస్తే ఏడాదికి యాభై ఆటలవుతాయి. ఫోనులో వీడియో చూస్తే, ఆ సాయంత్రమే అది చేసి చూడాలన్న నియమం పెట్టుకోవాలి. హైదరాబాద్‌లోని నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం, సైన్స్ మ్యూజియం ఉన్నాయి. తిరుపతిలో ప్రాంతీయ సైన్స్ కేంద్రం ఉంది. ఇంట్లో నాలుగైదు ఆటలు ఆడాక అక్కడికి తీసుకెళితే పిల్లలు మీటలు నొక్కి ఊరుకోకుండా ప్రశ్నలు వేస్తారు.

ఒక పాత నోటుపుస్తకాన్ని ప్రశ్నల పుస్తకంగా పెట్టుకోవాలి. పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్నను తేదీ వేసి వాళ్ళ ముందే రాయాలి. తీరిక దొరికినప్పుడు ఒక ప్రశ్న తీసుకుని చేసి చూడాలి, జవాబు దొరికితే పక్కన బొమ్మ గీయించాలి. దొరకనివి అలాగే ఉండనివ్వాలి. వాటిలో కొన్నింటికి జవాబులు పిల్లలే పెద్దయ్యాక రాసుకుంటారు.